బ్రిటన్‌లో మన లైసెన్సుకు 12 నెలలే గడువు: ఆ తరువాత ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఖమ్మం దగ్గర పల్లె. ఉద్యోగ వీసాపై వచ్చి ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో పనిచేస్తున్నాను. వృద్ధుల ఇళ్లకు వెళ్లి వాళ్ల స్నానం, మందులు, భోజనం చూసుకోవడం నా పని. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారులోనే తిరగాలి. మన దేశంలో తీసుకున్న కారు లైసెన్సు నాకు ఆరేళ్లుగా ఉంది, దానితోనే ఇక్కడ నడుపుతున్నాను. నేను వచ్చి పది నెలలైంది. ఏడాది దాటితే ఈ లైసెన్సు చెల్లదని తోటి ఉద్యోగి ఈ మధ్యనే చెప్పింది. రెండు వారాలు ఇండియా వెళ్లి వస్తే ఏడాది మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుందని ఒకరు, ఊళ్లో ఇంటర్నేషనల్ పర్మిట్ తీయించుకుంటే చాలునని మరొకరు అంటున్నారు. నెల క్రితం వచ్చిన మా ఆయనకు కూడా మన లైసెన్సు ఉంది. ఆయన పక్కన కూర్చుంటే నేను నడపవచ్చా? ఆరేళ్లు నడిపినదాన్ని మళ్లీ నేర్చుకోవాలా? డ్రైవింగ్ లేకపోతే ఉద్యోగం పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. దయచేసి దారి చెప్పండి.

జవాబు: అమ్మా, మీకు అందిన ఆ రెండు సలహాలూ తప్పు. వాటిని నమ్మి విమానం టికెట్టు కొనకండి. భారతదేశంలో ఇచ్చిన పూర్తి లైసెన్సుతో గ్రేట్ బ్రిటన్‌లో కారు నడిపే వెసులుబాటు, మీరు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి 12 నెలల పాటు మాత్రమే ఉంటుంది. చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోయేవారికి దేశంలోకి చివరిసారి ప్రవేశించిన రోజు నుంచి లెక్క వేస్తారు. ఆ నియమమే ఆ నోటా ఈ నోటా పడి, మీ దాకా వచ్చేసరికి ‘ఒకసారి ఇంటికి వెళ్లి వస్తే చాలు’ అన్న మాటగా మారి ఉంటుంది. మీరు ఇక్కడ ఉద్యోగం చేస్తున్నారు, ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నారు, వీసా కూడా ఇక్కడ ఉండి పనిచేయడానికే ఇచ్చారు. కాబట్టి మీది నివాసమే. సెలవు మీద ఖమ్మం వెళ్లి వచ్చినంత మాత్రాన మీ తేదీ ఒక్కరోజు కూడా ముందుకు జరగదు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ సంగతీ అంతే. మన రవాణా శాఖ ఇచ్చే ఆ పుస్తకం మీ లైసెన్సులోని వివరాలను వేరే భాషల్లో చూపించే అనుబంధ పత్రమే తప్ప విడిగా ఒక లైసెన్సు కాదు. ఒక దేశం తన దగ్గర స్థిరపడ్డవారికి పెట్టిన గడువును పొడిగించే శక్తి దానికి లేదు. లైసెన్సును పరీక్ష లేకుండా మార్చి ఇచ్చే ఏర్పాటు ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, సింగపూర్, దక్షిణాఫ్రికా వంటి కొన్ని దేశాలవారికి ఉంది. ఆ పట్టికలో భారతదేశం లేదు. యూఏఈ మాత్రం ఉంది కాబట్టి, దుబాయిలోనో అబుదాబిలోనో పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని తరువాత ఇక్కడికి వచ్చిన తెలుగువారు ఎవరైనా ఇది చదువుతుంటే, తమ లైసెన్సును మార్చుకునే వీలు ఉందేమో ఇక్కడ లైసెన్సులు ఇచ్చే డీవీఎల్ఏ సంస్థ దగ్గర ముందుగా చూసుకోవాలి. మీకైతే దారి ఒక్కటే: ప్రొవిజనల్ లైసెన్సు (నేర్చుకునేవారికి ఇచ్చేది) తీసుకోవాలి, థియరీ పరీక్ష పాస్ కావాలి, ఆపైన రోడ్డు మీద ప్రాక్టికల్ పరీక్ష పాస్ కావాలి.

ఆ పన్నెండో నెల చివరి రోజు ఏదో ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు దాటాక ఒంటరిగా కారు నడిపితే అది తగిన లైసెన్సు లేకుండా నడపడం అవుతుంది. దానితోపాటు మీ ఇన్సూరెన్సు కూడా నిలబడకుండా పోవచ్చు. చాలామంది గమనించని అపాయం ఇక్కడే ఉంది. ఇన్సూరెన్సు లేకుండా నడుపుతూ పట్టుబడితే సాధారణంగా 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు పడతాయి. పోలీసులు అక్కడికక్కడే కారును స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవహారం కోర్టుకు వెళితే జరిమానాకు పరిమితి ఉండదు, కొంతకాలం డ్రైవింగ్‌నే నిషేధించవచ్చు. చేతిలో బ్రిటిష్ లైసెన్సు లేదు కదా, పాయింట్లు దేని మీద వేస్తారని అనుకోవద్దు. డీవీఎల్ఏ మీ పేరిట ఒక రికార్డు తెరిచి అందులో నమోదు చేస్తుంది, రేపు మీరు లైసెన్సు తీసుకున్నప్పుడు అవి మీ వెంటే వస్తాయి. ఇక్కడ పరీక్ష పాసైన తరువాత మొదటి రెండేళ్లలో పాయింట్లు 6కు చేరితే లైసెన్సు రద్దయి మళ్లీ ప్రొవిజనల్ నుంచి మొదలుపెట్టవలసి ఉంటుంది. పాత పాయింట్లు గడువు తీరకుండా ఉంటే అవీ ఆ లెక్కలోకి వస్తాయి. కోర్టులో శిక్ష పడితే, ముందు ముందు వీసా దరఖాస్తుల్లో దాన్ని కూడా చెప్పవలసి వస్తుంది. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. ఆ సమయంలో మీ కారు ఎవరికైనా తగిలితే, ఆ మనిషి చికిత్సకు, నష్టపరిహారానికి సంబంధించిన భారం చివరికి మీ మీద పడే ప్రమాదం ఉంది. ఒక్క రోజే కదా, ఒక్క షిఫ్టే కదా అని మేనేజరు అడిగినా సరే, ఆ తేదీ తరువాత ఒంటరిగా స్టీరింగ్ పట్టవద్దు.

ఇక చేయవలసిన పనుల్లో మొదటిది ప్రొవిజనల్ లైసెన్సు. దానికి ఈ వారమే దరఖాస్తు చేయండి. రుసుము ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, తపాలా ద్వారా 43 పౌండ్లు. గుర్తింపు పత్రాల వల్ల ఆన్‌లైన్ దరఖాస్తు కుదరకపోతే పోస్టాఫీసులో డీ1 ఫారం తీసుకుని, నింపి, స్వాన్సీలో ఉన్న డీవీఎల్ఏకు పంపాలి. గడచిన మూడేళ్లలో మీరు ఉన్న చిరునామాలన్నీ అడుగుతారు. ఖమ్మం చిరునామాను పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు, పేరు క్రమం కూడా పాస్‌పోర్టుతో పోలిక తప్పకూడదు. మన దగ్గర లైసెన్సు మీద పేరు ఒక తీరుగా, పాస్‌పోర్టులో మరో తీరుగా ఉండడం మామూలే కనుక ఈ ఒక్కచోట ఓపికగా సరిచూసుకోండి. తపాలాలో పాస్‌పోర్టు పంపవలసి వస్తే అది తిరిగి వచ్చేదాకా ఏ ప్రయాణమూ పెట్టుకోకండి. ఇండియా వెళ్లి వద్దామన్న ఆలోచనను మానుకోవడానికి ఇది ఇంకొక కారణం.

ప్రొవిజనల్ కార్డు చేతికి వచ్చినంత మాత్రాన మీ ఇండియా లైసెన్సు హక్కు పోదని కూడా తెలుసుకోండి. ఈ భయంతోనే కొందరు దరఖాస్తును చివరి వారం దాకా వాయిదా వేస్తారు. 12 నెలల లోపల ప్రొవిజనల్ తీసుకున్నా, ఆ 12 నెలలు పూర్తయ్యే వరకు మీరు ఇప్పటిలాగే ఒంటరిగా, ఎల్ ప్లేట్లు లేకుండా నడపవచ్చు. నేర్చుకునేవారికి వర్తించే షరతులు గడువు ముగిసిన మర్నాటి నుంచే మీకు వర్తిస్తాయి. అందువల్ల ముందుగా దరఖాస్తు చేస్తే మీకు నష్టమేమీ లేదు, ఆలస్యం చేస్తేనే నష్టం.

థియరీ పరీక్షకు ప్రొవిజనల్ నంబరు ఉండాలి, రుసుము 23 పౌండ్లు. ఇందులో 57 నిమిషాల్లో 50 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, 43 సరైనవి కావాలి. ఆ వెంటనే హజార్డ్ పర్సెప్షన్ అనే రెండో భాగం ఉంటుంది. రోడ్డు మీద కారు వెళుతున్న 14 చిన్న వీడియోలు చూపిస్తారు, ప్రమాదంగా మారబోయే దాన్ని కనిపెట్టిన క్షణంలో మౌస్ నొక్కాలి. ఇందులో 75 మార్కులకు 44 రావాలి. రెండు భాగాలూ ఒకేసారి పాస్ కావాలి. అనుభవం ఉన్న డ్రైవర్లు చాలామంది ఈ రెండో భాగంలోనే దెబ్బతింటారు. వారు ప్రమాదాన్ని మరీ ముందుగా ఊహించి నొక్కేస్తారు, మార్కులిచ్చే వ్యవధి అప్పటికి ఇంకా తెరుచుకోదు. లేదంటే మన రోడ్ల మీద అలవాటైన దృశ్యాలు కనుక అసలు ప్రమాదంగానే తోచక ఊరుకుంటారు. అధికారికంగా దొరికే సాధన వీడియోలను చూస్తే ఎప్పుడు నొక్కాలన్నది తెలిసిపోతుంది. అనువాదకులను, వేరే భాషల్లో వాయిస్ ఓవర్లను 2014లో తీసివేశారు కనుక పరీక్ష ఇంగ్లిషులోనే రాయాలి. చదవడంలో ఇబ్బంది ఉంటే ఇంగ్లిషులోనే ప్రశ్నను చదివి వినిపించే ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకోవచ్చు. ఇక్కడి రోడ్డు నియమాలుండే హైవే కోడ్ పుస్తకాన్ని మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదవండి. యాప్‌లో ప్రశ్నలను బట్టీ పట్టి పాసైపోవచ్చు గానీ, ఆ తరువాత పరీక్షాధికారి పక్కన కూర్చున్నప్పుడు ఆ బట్టీ అక్కరకు రాదు.

థియరీ పాసైతేనే ప్రాక్టికల్ పరీక్షకు తేదీ తీసుకునే వీలు కలుగుతుంది. దాని రుసుము మామూలు పనిదినాల్లో 62 పౌండ్లు, సాయంత్రాలు, వారాంతాల్లో, సెలవు దినాల్లో 75 పౌండ్లు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొన్నేళ్లుగా దేశమంతటా పరీక్ష తేదీల కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది. మీకు మిగిలిన రెండు నెలల్లోనే థియరీ, ప్రాక్టికల్ రెండూ పూర్తవుతాయని నేను మీకు ఆశ పెట్టలేను. ఏ తేదీ దొరికితే ఆ తేదీ ముందుగా తీసుకుని, ఆపైన ప్రభుత్వ బుకింగ్ సేవలోనే ఎవరైనా రద్దు చేసుకున్న తేదీల కోసం రోజూ పొద్దున్నే చూస్తూ ఉండండి. ‘మీకు వచ్చే వారానికే స్లాట్ ఇప్పిస్తాం’ అంటూ రెండింతలు, మూడింతలు డబ్బు అడిగేవారు వాట్సాప్ గ్రూపుల్లో కనబడతారు, మనవాళ్ల గ్రూపుల్లో కూడా. వారికి మీ ప్రొవిజనల్ నంబరు ఇవ్వకండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, మీ పేరు మీద ఎవరో తేదీలు మార్చేస్తూ ఉండడం మరొక ఎత్తు. మీ బదులు మరొకరు పరీక్షకు హాజరవుతామంటే అది నేరం. దానికి ఇక్కడ జైలుశిక్షలు కూడా పడ్డాయి.

కాబట్టి గడువు తీరిన రోజుకు, పరీక్ష పాసైన రోజుకు మధ్య కొన్ని నెలల ఖాళీ ఉంటుందని ముందే మనసులో సిద్ధపడండి. ఆ కాలంలో మీరు నేర్చుకునే డ్రైవరు హోదాలోనే నడపవచ్చు. కారు ముందూ వెనుకా ఎల్ ప్లేట్లు ఉండాలి, మీకు ఆ కారు మీద లెర్నరుగా ఇన్సూరెన్సు ఉండాలి, పక్కన అర్హత ఉన్న వ్యక్తి కూర్చోవాలి. ఆ వ్యక్తి వయసు 21 దాటి ఉండాలి, పూర్తి లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండి ఉండాలి, ఆ లైసెన్సు బ్రిటన్‌దో, యూరోపియన్ యూనియన్ దేశాలదో, లేక స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లదో అయి ఉండాలి. మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మీవారికి మన దేశంలో ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, ఆయన స్వయంగా ఇక్కడ ఒంటరిగా నడపగలిగినా, మీ పక్కన కూర్చుని మీ చేత నడిపించే అర్హత మాత్రం ఆయనకు లేదు. పోయిన ఏడాదే బ్రిటిష్ లైసెన్సు తీసుకున్న స్నేహితురాలికి కూడా ఉండదు. మోటర్‌వే మీదకు వెళ్లాలంటే రెండో బ్రేకు అమర్చిన కారులో, గుర్తింపు ఉన్న ఇన్‌స్ట్రక్టరుతో కలిసి మాత్రమే వెళ్లాలి.

ఇప్పుడు మీరు కొంచెం నొచ్చుకుంటూ అడిగినట్టున్న ప్రశ్నకు వస్తాను: ఆరేళ్లు నడిపినదాన్ని మళ్లీ నేర్చుకోవాలా? కారును అదుపులో పెట్టుకోవడం మీకు వచ్చు, దాన్ని ఎవరూ కాదనలేరు. మీ ఆరేళ్ల అనుభవం వృథా కాదు. అయినా కొన్ని పాఠాలు తప్పక తీసుకోమనే చెబుతాను. ఏమీ రాని కొత్తవారికి సగటున 45 గంటల శిక్షణ పడుతుందని పరీక్షలు నిర్వహించే డీవీఎస్ఏ చెబుతుంది, మీకు అందులో చిన్న భాగం సరిపోవచ్చు. మన దగ్గరలాగే ఇక్కడా ఎడమవైపు నడపడం, స్టీరింగ్ కుడివైపు ఉండడం వల్ల మార్చుకోవలసినది ఏమీ లేదనిపిస్తుంది. అమెరికా వెళ్లినవారికి రోడ్డు మొదటి రోజే తలకిందులుగా కనిపిస్తుంది కనుక వారు జాగ్రత్త పడతారు. బ్రిటన్ వచ్చినవారికి అన్నీ తెలిసినట్టే ఉండడం వల్ల పాత అలవాట్లు ఎక్కడికీ పోకుండా లోపలే ఉండిపోతాయి, పరీక్షలో అవే బయటపడతాయి.

పరీక్షాధికారి మీలో ముఖ్యంగా గమనించేది చూపు. కదిలే ముందు మూడు అద్దాల్లోనూ చూసి, తల తిప్పి అద్దంలో కనబడని మూలను కూడా చూశారా, సిగ్నలు వేసే ముందు అద్దం చూశారా, వేగం తగ్గించే ముందు వెనుక ఎవరున్నారో చూశారా అన్నదే ప్రతి నిమిషం ఆయన పరిశీలన. మన రోడ్ల మీద వెనుకనుంచి వచ్చేవాడు హారన్ కొట్టి తన ఉనికిని చెబుతాడు కాబట్టి మనం చెవితో నడపడానికి అలవాటు పడ్డాం. ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు. ఆగి ఉన్న కారులో హారన్ మోగించడం, జనావాసాల మధ్య రాత్రి 11:30 నుంచి ఉదయం 7 గంటల వరకు మోగించడం నిషిద్ధం కూడా. చెవి చేసే పనంతా ఇక్కడ కన్నే చేయాలి.

హెడ్‌లైటు వెలిగించి ఆర్పడం ఇంకా తిరకాసైన సంగతి. ఎదురుగా వచ్చే లారీ లైటు కొడితే ‘నేను వస్తున్నాను, నువ్వు ఆగు’ అని మనకు అర్థం. ఇక్కడి డ్రైవర్లు చాలామంది ‘మీరు వెళ్లండి, నేను ఆగుతాను’ అన్న ఉద్దేశంతో కొడతారు. హైవే కోడ్ మాత్రం ఉనికిని తెలియజేయడానికి తప్ప మరి దేనికీ లైటు కొట్టవద్దంటుంది. అందుకని ఎవరు లైటు కొట్టినా దాన్ని అనుమతిగా తీసుకోకండి, దారి ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూసుకున్నాకే కదలండి.

రౌండబౌట్ల మీద ప్రత్యేకంగా కొన్ని గంటలు ఖర్చు చేయండి. కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్న ఒక్క మాట తెలిసినంత మాత్రాన సరిపోదు. వెళ్లవలసిన దారిని బట్టి ముందుగానే ఏ వరుసలో చేరాలి, ఎప్పుడు కుడి సిగ్నలు వేసి ఎప్పుడు ఎడమకు మార్చాలి, తెల్లటి చుక్కలా ఉండే చిన్న రౌండబౌట్ల దగ్గర ముగ్గురూ ఒకేసారి వచ్చినప్పుడు ఏం చేయాలి అన్నవి సాధనతోనే పట్టుబడతాయి. దారి ఖాళీగా ఉన్నా కదలకుండా ఆగిపోవడం కూడా తప్పుగానే లెక్కిస్తారు. జాగ్రత్తగా ఉన్నానని చూపించుకోవడానికి 60 మైళ్ల రోడ్డు మీద కారణం లేకుండా 35లో వెళ్లేవారు కూడా పరీక్షలో తప్పుతారు.

నడిచేవారి విషయంలో 2022 జనవరిలో హైవే కోడ్ మారింది. మీరు పక్క వీధిలోకి తిరుగుతున్నప్పుడు ఆ వీధిని దాటుతున్నవారికే కాక, దాటడానికి అంచున నిలబడి ఉన్నవారికి కూడా ఆగి దారి ఇవ్వాలి. సైకిలును దాటేటప్పుడు 30 మైళ్ల వేగం వరకు కనీసం ఒకటిన్నర మీటరు, అంతకుమించిన వేగంలో ఇంకా ఎక్కువ దూరం వదలాలి. అంత చోటు లేకపోతే చోటు దొరికేదాకా దాని వెనుకే నిదానంగా వెళ్లాలి. మనకు అలవాటైన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు కనుక మనసులో గట్టిగా నాటుకోవాలి. మీరు రోజూ చూసుకునే పెద్దవాళ్ల వంటి వారే వాకింగ్ స్టిక్ పట్టుకుని ఆ వీధి అంచున నిలబడి ఉంటారు.

మీ లింకన్‌షైర్ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ పల్లపు నేలల్లో రోడ్లు మైళ్ల పొడవునా తిన్నగా సాగి, ఉన్నట్టుండి పదునుగా మలుపు తిరుగుతాయి, పక్కనే లోతైన నీటి కాలువలు ఉంటాయి. తెల్లటి వృత్తం మీద నల్లటి ఏటవాలు గీత ఉన్న బోర్డు కనబడితే, మధ్యలో విభజన లేని రోడ్డు మీద కారుకు 60 మైళ్లు గరిష్ఠ పరిమితి అని అర్థం. అంత వేగంతో వెళ్లి తీరాలని మాత్రం దాని అర్థం కాదు. మీ షిఫ్టులు తెల్లవారకముందే మొదలవుతాయి కనుక చలికాలంలో అద్దాల మీద పేరుకున్న మంచును అన్ని వైపులా పూర్తిగా తొలగించాకే బయలుదేరాలి. చూడడానికి వీలుగా ముందరి అద్దం మీది మంచులో చిన్న కంత చేసుకుని బయలుదేరడం చట్టరీత్యా తప్పు. దీనికి పది నిమిషాలు ముందుగా లేవవలసి ఉంటుంది.

పరీక్ష నడిచే తీరు క్లుప్తంగా ఇదీ. మొదట 20 మీటర్ల దూరం నుంచి ఒక కారు నంబరు ప్లేటు చదవమంటారు. చదవలేకపోతే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది కాబట్టి, అనుమానం ఉంటే ఇప్పుడే కళ్లు చూపించుకోండి. తరువాత సుమారు 40 నిమిషాలు నడిపిస్తారు. అందులో కొంతసేపు సాట్‌నావ్ (దారి చెప్పే పరికరం) చెప్పినట్టో, దారి బోర్డులను బట్టో మీ అంతట మీరే వెళ్లాలి. కారు భద్రత గురించి రెండు ప్రశ్నలు అడుగుతారు, ఒకటి కదలక ముందు, ఒకటి నడుపుతూ ఉండగా. వెనక్కి నడిపే పని ఒకటి చేయిస్తారు. మన హెచ్ ట్రాక్ మీద చేసిన సాధన కొంత అక్కడ పనికి వస్తుంది, కానీ ఇక్కడ బండి నెమ్మదిగా కదులుతూ ఉండగా మీరు చుట్టూ చూస్తున్నారా లేదా అన్నదానికే ఎక్కువ విలువ. చిన్న తప్పులు 15 వరకు క్షమిస్తారు, ఒక్క పెద్ద తప్పు చేస్తే ఫెయిల్. ఫెయిలైతే 10 పనిదినాలు గడిచాకే మళ్లీ పరీక్ష. పరీక్షకు హాజరయ్యేవారిలో సగానికి మించి ఫెయిలవుతారు కనుక, ఒకసారి తప్పితే అది మీ తెలివితక్కువతనం అనుకోకండి. ఆ రోజు అధికారి ఇచ్చే పత్రంలో ఏ తప్పు ఎక్కడ పడిందో చూసుకుని ఆ ఒక్కదాని మీదే పనిచేయండి.

ఇన్‌స్ట్రక్టరును ఎంచుకునేటప్పుడు కారు అద్దం మీద ఆకుపచ్చ బ్యాడ్జి ఉందేమో చూడండి, పూర్తి అర్హతకు అదే గుర్తు. గులాబీ రంగు బ్యాడ్జి ఉంటే ఆయన ఇంకా శిక్షణలో ఉన్నవారని అర్థం. మొదటి పాఠంలోనే ‘నాకు నడపడం వచ్చు, పరీక్షలో నన్ను ఫెయిల్ చేసే అలవాట్లేవో చూసి చెప్పండి’ అని అడగండి. మంచి ఇన్‌స్ట్రక్టరు గంటలోనే చెప్పేస్తారు. గేర్ల కారా, ఆటోమేటిక్కా అన్నది మీ పనిని బట్టి తేల్చుకోండి. ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. మీ సంస్థ ఇచ్చే కార్లు గేర్లవైతే, గేర్లకు మీరు ఇప్పటికే అలవాటు పడి ఉంటే, గేర్ల కారులోనే పరీక్షకు వెళ్లడం మంచిది.

మీ ఉత్తరంలో మీరు అడగని ఒక సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మీరు ఇప్పుడు నడుపుతున్న కారు ఎవరిది, దాని ఇన్సూరెన్సులో ఏమని రాసి ఉంది? ఇంటి నుంచి ఒకే ఆఫీసుకు వెళ్లి రావడానికి తీసుకున్న పాలసీ, రోజంతా ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి తిరిగే పనికి సరిపోదు. దానికి ‘బిజినెస్ యూజ్’ కింద విడిగా రక్షణ ఉండాలి. సొంత కారైతే పాలసీ కాగితం తీసి ఈ రాత్రికే చూడండి, లేకపోతే రేపు ఫోన్ చేసి చేర్పించండి. లైసెన్సు ఏ దేశానిదో, ఎప్పుడు వచ్చిందో నిజమే చెప్పి ఉండాలి. ప్రీమియం తగ్గుతుందని కారును ఎక్కువగా నడిపే మనిషిగా వేరొకరి పేరు రాయించి, మీ పేరును అదనపు డ్రైవరుగా పెట్టించడం మోసం కిందికి వస్తుంది. ఇది మనవాళ్లలో సులువైన ఉపాయంగా చెలామణి అవుతోంది, మీరు దాని జోలికి పోకండి. గడువు ముగిసి మీరు ప్రొవిజనల్ మీద నడిపే రోజు వచ్చినప్పుడు ఆ మార్పును కూడా కంపెనీకి చెప్పి తీరాలి.

ఉద్యోగం గురించి. మీ మేనేజరుకు చివరి రోజు దాకా చెప్పకుండా ఉండడం మీకు మేలు చేయదు. ఈ వారమే ఒక చిన్న ఈమెయిల్ రాయండి: మీ ఇండియా లైసెన్సు ఏ తేదీ వరకు చెల్లుతుంది, ప్రొవిజనల్‌కు ఎప్పుడు దరఖాస్తు చేశారు, థియరీకి, ప్రాక్టికల్‌కు తేదీలు ఎప్పుడు వచ్చాయి, మధ్యలో ఒంటరిగా నడపలేని కాలానికి ఎలాంటి షిఫ్టులు ఇవ్వగలరు అని. ఇద్దరు కేరర్లు కలిసి వెళ్లవలసిన డబుల్ అప్ కాల్స్‌లో రెండోవారు కారు నడిపితే మీరు వెంట వెళ్లవచ్చు. పట్టణంలో నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఇళ్లను మీకు కేటాయించవచ్చు. సంస్థకు సొంత కేర్ హోమ్ ఉంటే కొన్నాళ్లు అక్కడ వేయవచ్చు. రెండు నెలలు ముందుగా చెప్పినవారికి రోటా (షిఫ్టుల పట్టిక) సర్దడం వారికీ కుదురుతుంది, ముందు రోజు చెబితే కుదరదు. స్పాన్సర్‌షిప్ వారి చేతిలో ఉందన్న భయంతో నోటిమాటగా సరిపెట్టకండి, రాతపూర్వకంగానే ఉంచండి. గడువు దాటాక కూడా నడపమని ఒత్తిడి చేసినా, డ్రైవింగ్ లేదని ఉద్యోగం తీసేస్తామన్నా, ఉచితంగా సలహా ఇచ్చే ఏకాస్ సంస్థకు ఫోన్ చేయండి. మీ ఊరి సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయం కూడా సహాయం చేస్తుంది. ఉద్యోగ ఒప్పందంలో డ్రైవింగ్ గురించి ఏ మాట రాశారో వారికి చూపించవలసి ఉంటుంది కాబట్టి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

చివరగా మీవారి సంగతి. ఆయన నెల క్రితం వచ్చారు కనుక ఆయన 12 నెలలు ఆయన వచ్చిన రోజు నుంచే మొదలయ్యాయి, మీ తేదీతో దానికి సంబంధం లేదు. ఇన్సూరెన్సు ఉంటే ఇంకా పదకొండు నెలలు ఆయన చట్టబద్ధంగా మిమ్మల్ని కారులో దింపి రాగలరు. మీ గడువు ముగిసిన తరువాతి నెలల్లో ఇది మీకు పెద్ద ఆసరా అవుతుంది, మీ పని కోసం తిప్పుతున్నారన్న సంగతి మాత్రం ఇన్సూరెన్సు కంపెనీకి ముందే చెప్పి ఉంచండి. ఆయన ప్రొవిజనల్ దరఖాస్తు కూడా మీదానితో పాటే పంపించండి. థియరీకి ఇద్దరూ కలిసి చదువుకోవచ్చు. తొందరగా తేదీ దొరికితే, ఏడాది నిండేలోపే పూర్తి లైసెన్సు తీసుకునే సమయం ఆయనకు ఇంకా ఉంది.